రోహిణి కార్తె ముందు పరుగు మొదలుపెడుతున్నారా?

ఒంగోలులో మే నెల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అయినా కానిస్టేబుల్ ఈవెంట్స్‌కని, అంటే పోలీసు ఉద్యోగానికి పెట్టే పరుగులాంటి శారీరక పరీక్షలకని, ఇప్పుడే షూస్ కొనుక్కున్న తమ్ముళ్లు చాలామంది ఉన్నారు. మొదటి రోజే టైమ్ పెట్టుకుని 1600 మీటర్లు కొట్టేయాలని చూడొద్దు.

ఎండకు ఒళ్లు అలవాటు పడాలంటే రోజూ కాస్త కాస్త చేస్తూ పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. మొదటి వారంలోనే రక్తంలో ప్లాస్మా, అంటే నీళ్ల భాగం, పెరుగుతుంది కాబట్టి అదే వేగానికి గుండె అంతగా దడదడలాడదు, ఆ తర్వాత చెమట ముందే మొదలై ఎక్కువగా పడుతుంది గానీ అందులో పోయే ఉప్పు తగ్గుతుంది. కొత్తలో నల్ల టీషర్టు మీద తెల్ల చారలు కనిపించేది అందుకే, ఆ రోజుల్లో మజ్జిగలో ఉప్పు మర్చిపోకండి. ఉప్పు లేకుండా ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగేయడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. మధ్యలో రెండు మూడు వారాలు మానేస్తే ఈ అలవాటు చాలావరకు పోతుంది, మళ్లీ మెల్లగా మొదలుపెట్టాల్సిందే.

తెల్లవారుజామున చల్లగానే ఉందిలే అనుకుంటాం, కానీ సముద్రం పక్కన ఉక్కపోత ఉంటుంది. చెమట కారితే ఒళ్లు చల్లబడదు, ఆరితేనే చల్లబడుతుంది. బరువు తగ్గాలని ప్లాస్టిక్ జాకెట్ వేసుకునేవాళ్లకి దండం.

ఇంకోటి, నేను దెబ్బతిన్నది ఇక్కడే. దమ్ము కొన్ని వారాల్లో వస్తుంది, ఎముకలు, స్నాయువులు (కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాళ్లు) గట్టిపడటానికి నెలలు కావాలి. మూడో వారంలో ఆయాసం తగ్గిందన్న ఉషారుతో కొత్తపట్నం బీచ్ ఇసుకలో రోజూ పరిగెత్తా, ముంగాలు ఎముక నొప్పితో నెలన్నర ఇంట్లో కూర్చున్నా. దూరం పెంచిన వారం వేగం పెంచొద్దు. జ్వరం, విరేచనాలు ఉన్న రోజు అసలు దిగొద్దు.

ఒంటరిగా వెళ్లకండి. పక్కవాడు తూలుతున్నా, పిచ్చిగా మాట్లాడుతున్నా వడదెబ్బే అనుకోండి, ఒంటికి చెమట పడుతూనే ఉన్నా సరే. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా ఆగకుండా నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. మర్నాడు మూత్రం కోలా రంగులో వస్తే కండరాలు దెబ్బతిని కిడ్నీల మీద పడుతోందేమో, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.