కరీబియన్ దీవులకు మన ప్లాన్ మనమే – 4వ పాఠం: పగలు చాలా, రాత్రి ఉండాలా?

గత పాఠం చివర కులేబ్రా లెక్క ఇచ్చాను. కులేబ్రా అంటే ప్యూర్టో రికోకి తూర్పున ఉన్న చిన్న దీవి, ఫ్లమెంకో బీచ్ దాని మీదే. ప్యూర్టో రికోలో శాన్ హువాన్‌లో హోటల్, పొద్దున బయల్దేరి రాత్రికి అక్కడికే రావాలి, ఫ్లమెంకో బీచ్ మీద నికరంగా ఎన్ని గంటలు దక్కుతాయో రాయమన్నాను. జవాబుల్లో ఎక్కువ భాగం ఏడెనిమిది గంటల దగ్గర ఆగాయి. ఒకరు తొమ్మిదిన్నర రాశారు. అన్ని గంటలు దక్కాలంటే హెలికాప్టర్ కావాలి. ఈసారి ఇంకో చిన్న దీవి వియేకెస్‌లో రాత్రి బస గురించి మొదలుపెడదామనుకున్నాను గానీ, ముందు ఈ లెక్క తేల్చకపోతే అదీ ఇలాగే అవుతుంది.

దాదాపు అందరూ తడబడిన చోటు ఒకటే. "ఫెర్రీ 45 నిమిషాలే కదా" అని రాసుకుని, ఆ 45 నిమిషాలనే ప్రయాణం అనుకున్నారు. ఫెర్రీ శాన్ హువాన్ నుంచి బయల్దేరదు. తూర్పు తీరంలో ఉన్న సెయిబా నుంచి బయల్దేరుతుంది. (కొందరు ఫహార్డోకి వెళ్ళారు, కాగితం మీదే లెండి. 2018కి ముందు అచ్చయిన గైడ్‌బుక్కులు పక్కన పెట్టేయండి. అప్పట్లో ఫెర్రీ అక్కడి నుంచే ఉండేది.) శాన్ హువాన్ నుంచి సెయిబాకి ట్రాఫిక్ లేకపోతే గంటా పావు. ఆ తర్వాత పార్కింగ్, టికెట్ చూపించడం, లైన్. కనీసం గంట ముందు టెర్మినల్లో ఉండాలి.

ఫెర్రీ 9 గంటలకి, తిరుగు ఫెర్రీ సాయంత్రం 5కి అనుకుందాం. టైంటేబుల్ మారుతూ ఉంటుంది కాబట్టి ఇవి లెక్క కోసం పెట్టుకున్న అంకెలే. హోటల్ నుంచి 6:30కి బయల్దేరారు. 8కల్లా టెర్మినల్. 9:45కి కులేబ్రా రేవు. దిగి, వ్యాన్ దొరికి, అది నిండి, బీచ్‌కి చేరేసరికి 10:30. తిరుగు ప్రయాణానికి 4 గంటలకి లైన్లో ఉండాలంటే 3:30కి తువ్వాళ్ళు దులుపుకోవాలి. అంటే ఐదు గంటలు. రాత్రి హోటల్‌కి చేరేది 7:30కి. పదమూడు గంటల రోజులో ఐదు గంటల సముద్రం. అందులోనే భోజనం, స్నానం, పిల్లల పేచీలు.

ఐదు గంటలు తక్కువేమీ కాదు. ఫ్లమెంకో లాంటి బీచ్‌కి నేనైతే సంతోషంగా వెళ్తాను. తెల్లటి ఇసుక గుర్రపు నాడాలా వంగి ఉంటుంది, ఒక చివర తుప్పు పట్టిన యుద్ధ ట్యాంకులు, వాటి మీద రంగురంగుల బొమ్మలు. అమెరికా నౌకాదళం 1975 దాకా ఆ దీవి మీద ఫిరంగులు పేల్చి సాధన చేసుకునేది, ఇవి ఆనాటి మిగుళ్ళు. నా గొడవ ఐదు గంటలతో కాదు, ఆ ఐదు గంటలు దేని మీద నిలబడ్డాయన్న దానితో. మళ్ళీ లెక్క చూడండి. సాయంత్రం 5కి బయల్దేరే ఫెర్రీ మీద నిలబడ్డాయి. అది చివరి ఫెర్రీ.

చివరి బోటు మీద ప్లాన్ కట్టొద్దని రెండో పాఠంలోనే చెప్పాను. అయినా వచ్చిన ప్లాన్లలో నూటికి తొంభై దాని మీదే ఉన్నాయి. ఆఫీసు నుంచి ఇంటికెళ్ళే లోకల్ రైలు తప్పితే ఇంకోటి వస్తుంది. దీవిలో చివరి బోటు తప్పితే వచ్చేది రేపు పొద్దున. సరే, ఇంకాస్త విడమరిచి చెప్తాను, విసుక్కోకండి.

పొద్దుట్నుంచి వెళ్ళలేకపోయిన వాళ్ళందరూ చేరేది చివరి బోటు దగ్గరికే. మధ్యాహ్నం బోటుకి సీటు దొరకనివాళ్ళు, "ఇంకో గంట ఈదుదాం" అనుకున్నవాళ్ళు, గుడారాలు మడిచి వచ్చినవాళ్ళు, అందరూ. మీరు పొద్దున ఎక్కిన బోట్లో ఖాళీలు కనిపించాయని సాయంత్రం కూడా అలాగే ఉంటుందనుకోవద్దు.

పైగా అది మన కోసం నడిపే టూరిస్టు బోటు కాదు. కులేబ్రా, వియేకెస్ వాసులు డాక్టరు దగ్గరికి, పెద్ద షాపులకి, కోర్టు పనులకి వెళ్ళొచ్చే బస్సు అదే. వాళ్ళకి మొదటి ప్రాధాన్యం. టికెట్ రెండు డాలర్ల పైచిలుకే ఉందంటే కారణం అదే, అక్కడివాళ్ళ కోసం ప్రభుత్వం భరిస్తోంది. వాళ్ళని ముందు ఎక్కిస్తుంటే లైన్లో మొహం మాడ్చుకోవడం మర్యాద కాదు.

సముద్రం బాగోలేకపోయినా, ఇంజన్ మొరాయించినా, ముందు బోటు రద్దయితే ఆ జనం చివరిదానికి వస్తారు. చివరిదే రద్దయితే ఎవరూ ఎక్కడికీ పోరు. డిసెంబరు, జనవరి నెలల్లో ఈశాన్య గాలులు బలంగా వీస్తాయి. ఆ రోజుల్లో కులేబ్రా దారి కడుపులో తిప్పేస్తుంది. బోటు నడిచినా సరే, వాంతుల మాత్ర ఎక్కాక కాదు, ముందే వేసుకోవాలి.

ఇంకో సంగతి. వెళ్ళే టికెట్, వచ్చే టికెట్ విడివిడిగా కొనాలి. ఒకదాన్ని కొంటే రెండోది దానంతటదే రాదు. పండగ వారాంతాల్లో వచ్చే టికెట్ ముందు చూడండి, అది దొరికితేనే వెళ్ళేది కొనండి. నేనెప్పుడూ వెనక నుంచే కొంటాను.

ఇక అన్నిటికంటే నాకు ఒళ్ళు మండిన ప్లాన్: సాయంత్రం 5కి కులేబ్రా ఫెర్రీ, రాత్రి 9:30కి శాన్ హువాన్‌లో విమానం. దయచేసి అలా చేయకండి. చిన్న దీవి నుంచి వచ్చిన రోజు రాత్రి పెద్ద దీవిలో పడుకోవాలి. విమానం మర్నాడు.

సూత్రం చిన్నదే. చివరిదానికి ముందు బోటుకి తిరుగు టికెట్ తీసుకోండి. చివరి బోటు ఉన్నది ఇది తప్పితే ఎక్కడానికి. ఇప్పుడు లెక్క మళ్ళీ వేయండి. ముందు బోటు మధ్యాహ్నం 1కి ఉందనుకుంటే 11:30కే బీచ్ వదలాలి. దక్కింది ఒక గంట. పగటి ట్రిప్పు అక్కడే కూలిపోయింది.

పగలు చాలా, రాత్రి ఉండాలా అన్నదానికి నా పరీక్ష ఇదే. చివరిదానికి ముందు బోటు ఎక్కినా దీవి మీద నాలుగు గంటలు మిగులుతాయా? మిగిలితే పగటి ట్రిప్పు. మిగలకపోతే రాత్రి ఉండండి, లేదా ఆ దీవి మానేయండి. మూడోది లేదు.

ఈ పరీక్షలో హాయిగా గట్టెక్కేది అమెరికన్ వర్జిన్ దీవుల్లోని సెయింట్ జాన్. సెయింట్ థామస్ తూర్పు చివర రెడ్ హుక్ నుంచి క్రూజ్ బేకి 20 నిమిషాలు, పగలంతా గంటకో బోటు, రాత్రి పొద్దుపోయాక కూడా ఉంటుంది. ఆ దీవిలో సగానికి పైగా 1956లో ఏర్పడ్డ నేషనల్ పార్కే. ట్రంక్ బేలో నీటి అడుగున పలకలు పెట్టిన స్నార్కెలింగ్ (మాస్కు పెట్టుకుని నీటి అడుగు చూస్తూ ఈదడం) బాట ఉంది, మొదటిసారి మాస్కు పెట్టుకునేవాళ్ళకి అంతకంటే మంచి చోటు చెప్పలేను. ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్న సన్‌స్క్రీన్ అక్కడ నిషేధం, సీసా వెనక చదివి కొనండి. సెయింట్ కిట్స్ నుంచి నెవిస్ కూడా నెగ్గుతుంది, ముప్పావు గంట, రోజుకి చాలా బోట్లు. ట్రినిడాడ్ నుంచి టొబేగో ఫెర్రీలో పగటి ట్రిప్పు అన్నవాళ్ళు మ్యాప్ మళ్ళీ చూడండి, ఒక వైపే మూడున్నర గంటల పైన.

సెయింట్ థామస్ నుంచి బ్రిటిష్ వర్జిన్ దీవులకి (టొర్టోలా, వర్జిన్ గోర్డా) పగటి ట్రిప్పు పెట్టినవాళ్ళకి గంటల కంటే పెద్ద సమస్య ఉంది. అది వేరే దేశం. హెచ్1బీ (అమెరికా ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్ళు బాగా వినండి. ప్యూర్టో రికో, సెయింట్ థామస్, సెయింట్ జాన్ అమెరికా నేలే, స్టేటస్ సరిగ్గా ఉంటే పాస్‌పోర్టులో స్టాంపింగ్ (వీసా ముద్ర) గడువు దాటినా మీరు దేశం దాటినట్టు కాదు. కాకపోతే సెయింట్ థామస్ విమానాశ్రయంలో తిరుగు ప్రయాణానికి ముందు సీబీపీ (అమెరికా సరిహద్దు అధికారుల) తనిఖీ ఉంటుంది. పాస్‌పోర్టు, ఐ-797 (స్టేటస్ ఆమోద పత్రం), ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) దగ్గరుంచుకోవాలి. టొర్టోలాకి మధ్యాహ్నం భోజనానికి వెళ్ళినా దాటినట్టే. స్టాంపింగ్ లేకుండా తిరిగి రాలేరు. "కెనడా, మెక్సికోకి ముప్పై రోజుల్లోపు వెళ్ళొస్తే పర్లేదు కదా" అంటారు. ఆ వెసులుబాటు హెచ్1బీకి ఆ రెండు దేశాల వరకే. చుట్టుపక్కల దీవులకి కూడా వర్తించేది ఎఫ్1 (విద్యార్థి), జే1 (ఎక్స్చేంజ్) వీసాల వాళ్ళకి, వాళ్ళకీ క్యూబా తప్ప. ఫ్రెండ్ వెళ్ళొచ్చాడన్నది ఆధారం కాదు, ఫ్రెండ్ వీసా వేరు. కంపెనీ అటార్నీకి ఒక మెయిల్ పెట్టండి.

ఇప్పుడు వియేకెస్. ఇక్కడ బోట్ల లెక్కతో పనే లేదు, ఎందుకంటే ఆ దీవి అసలు చూపించేది చీకటి పడ్డాకే. దక్షిణ తీరాన ఎస్పెరాన్సా ఊరి పక్కన మస్కీటో బే ఉంది. ప్రపంచంలోకెల్లా ఎక్కువ వెలుగు చిమ్మే ఖాడీగా (తీరంలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయగా) గిన్నిస్ రికార్డులకెక్కింది. నీళ్ళల్లో కంటికి కనపడని డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు, కదిపితే వెలుగుతాయి. తెడ్డు ముంచి తీస్తే దాని అంచు నుంచి జారే చుక్కలు ఒక్కొక్కటీ నీలంగా మెరిసి, నీళ్ళని తాకిన చోట చిన్న వలయమై ఆరిపోతాయి. ఈత నిషేధం, కయాక్ (తెడ్డు వేసే చిన్న పడవ) లోంచే చూడాలి.

చంద్రుడుంటే మాత్రం ఇదంతా వెలవెలబోతుంది. చాలామంది టూర్ల వాళ్ళు పౌర్ణమి చుట్టుపక్కల నడపరు కూడా. ఇంగ్లిష్ వెబ్‌సైట్లు "అమావాస్యకి అటూ ఇటూ కొన్ని రోజులు" అని చెప్పి వదిలేస్తాయి. పంచాంగం చూసే అలవాటున్న మనకి ఇంతకంటే బాగా తెలియాలి. అటూ ఇటూ సమానం కాదు. కృష్ణపక్షంలో చంద్రుడు రోజూ ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. బహుళ పంచమి నాటికే రాత్రి పది ప్రాంతానికి గానీ రాడు. టూరు ఎనిమిదింటికైతే, ఆకాశం మీకు ఖాళీ. శుక్లపక్షంలో అలా కాదు, సూర్యుడు దిగేసరికే చంద్రుడు పైన కూర్చుని ఉంటాడు. తదియ దాకా సన్నటి రేఖ, త్వరగా దిగిపోతాడు, పర్లేదు. చవితి దాటితే నేను డబ్బు పెట్టను. బహుళ పంచమి నుంచి శుద్ధ తదియ దాకా, నెలలో దాదాపు సగం మీ చేతిలో ఉన్నట్టే.

ఇంట్లో హైదరాబాద్ క్యాలెండరే ఉంటే ఒక చిట్కా. అక్కడికీ మనకీ తేడా తొమ్మిదిన్నర గంటలు. వియేకెస్‌లో రాత్రి ఎనిమిదంటే ఇండియాలో మర్నాడు తెల్లవారుజాము ఐదున్నర. కాబట్టి మీ టూరు తేదీకి మరుసటి తేదీ గడిలో ఉన్న తిథి చూడండి, అదే ఆ రాత్రి తిథి, గంటలు లెక్కపెట్టే పని లేదు.

రాత్రి బస గురించి నా పట్టుదల ఒకటుంది, నచ్చకపోతే మానేయండి. చిన్న దీవిలో ఒక రాత్రి కాదు, రెండు రాత్రులు. ఒక్క రాత్రికైతే మూడింటికి గది ఇస్తారు, మర్నాడు పదకొండుకి ఖాళీ చేయమంటారు, మిగతా పగలంతా సూట్‌కేసు మీ మెడకి. రెండు రాత్రులుంటే మధ్యలో ఒక పూర్తి రోజు మీది. ఫెర్రీ జనం రాకముందు పొద్దున ఎనిమిదింటి బీచ్, వాళ్ళు లైన్లో నిలబడ్డ నాలుగింటి బీచ్, రెండూ దక్కుతాయి. వాతావరణం ఒక రాత్రి టూరు చెడగొట్టినా ఇంకో రాత్రి ఉంటుంది.

వంటగది ఉన్న గది తీసుకోండి. శాకాహారులైతే మరీను. చిన్న దీవుల్లో కొన్ని హోటళ్ళు వారంలో కొన్ని రోజులు తెరవవు, తెరిచినా తొమ్మిదింటికల్లా పొయ్యి ఆర్పేస్తారు. బియ్యం, పులిహోర పొడి, ఒక చిన్న కుక్కర్ తీసుకెళ్ళడంలో నామోషీ ఏమీ లేదు. అద్దె కారుని ఫెర్రీ ఎక్కించొద్దు, అద్దె కంపెనీల ఒప్పందాలు సాధారణంగా ఒప్పుకోవు. సెయిబాలో వదిలేసి దీవిలో ఇంకోటి తీసుకోండి, అది కూడా గదితో పాటే బుక్ చేసుకోండి, అక్కడ ఉండేవే కొన్ని.

అభ్యాసం ఈసారి కాస్త గట్టిది. మీరిద్దరూ, ఆరేళ్ళ పాప, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న. శాన్ హువాన్‌లో శుక్రవారం మధ్యాహ్నం దిగుతారు, మంగళవారం పొద్దున విమానం. నీళ్ళ వెలుగు అందరూ చూడాలి, కానీ పెద్దవాళ్ళు కయాక్ ఎక్కరు, నాన్నగారికి పడవ పడదు. ఫ్లమెంకో బీచ్ కూడా కావాలంటోంది పాప. ఒక సూచన మాత్రం ఇస్తాను: ప్యూర్టో రికోలో వెలిగే ఖాడీలు మూడు. నైరుతి మూలన లా పార్గెరా పెద్ద దీవి మీదే ఉంది, అక్కడ మోటారు బోటు ఎక్కొచ్చు, ఈతా కొట్టొచ్చు, వెలుగు మాత్రం మస్కీటో బే అంత ఉండదు.

వచ్చే నెలల్లో నిజమైన తేదీలు ఎంచుకుని, తిథితో సహా, ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో రాయండి. ప్రతి బోటుకీ పక్కన దాని తర్వాతి బోటు సమయం కూడా రాయాలి. ఆ గడి ఖాళీగా ఉన్న ప్లాన్ నేను చదవను.