పట్టా చదవడం – 4వ పాఠం: ఏ గుంట?

గత పాఠం చివర ఇచ్చిన లెక్క చిన్నదే. ఒడిశాలోని బరంపురం శివారులో 2 గుంటల స్థలం, గుంట 12 లక్షలు, గజం ఎంత పడుతుంది? ధర లెక్క కోసం అనుకున్నదే. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం 9,917 రూపాయలు. తప్పు, 6,198 మాత్రమే. పర్లాకిమిడి నుంచి ఒకరైతే నాలుగు అద్దె పోర్షన్లు పట్టే చోట రెండే వస్తాయని ప్లాను కూడా గీసి పంపారు. అందుకే ఈ వారం మొదలుపెడదామనుకున్న అద్దె ఒప్పందాల పాఠం వాయిదా పడింది.

గుణకారాలన్నీ సరిగానే ఉన్నాయి. తీసుకున్న గుంటే వేరు. ఆంధ్ర, తెలంగాణల్లో గుంట ఎకరంలో 40వ వంతు, అంటే 121 గజాలు. మహారాష్ట్రలో సిరొంచ వైపు ఉన్నవారికీ అంతే. ఒడిశాలో గుంట ఎకరంలో 25వ వంతు, అంటే 193.6 గజాలు. సరిహద్దు దాటి వచ్చి స్థలం కొనేవారు ఇది తెలియక మంచి స్థలాన్ని ‘మరీ ఖరీదు’ అని వదిలేసుకుంటే, పోనీలే అనవచ్చు. అసలు దెబ్బ రెండో వైపు నుంచి వస్తుంది. మధ్యవర్తి ఒడిశా గుంట ధర చెబుతాడు, ఆంధ్ర గుంట కొలిచి ఇస్తాడు. మీరు 2 గుంటలకు 24 లక్షలు ఇస్తారు. దస్తావేజులో 5 డిసిమల్లు (5 సెంట్లు, 242 గజాలు) ఉంటాయి. ఒడిశా లెక్కన 2 గుంటలంటే 8 డిసిమల్లు. డిసిమల్ 3 లక్షల చొప్పున 15 లక్షల స్థలానికి మీరు 9 లక్షలు అదనంగా చెల్లించినట్టు. కాగితంలో అబద్ధమేమీ లేదు కనుక తరువాత ఎవరినీ నిలదీయలేరు.

అందుకని నేను గుంటలతో బేరమే చేయను. ఎవరు ఏ కొలత చెప్పినా డిసిమల్లలోకి మార్చి, డిసిమల్‌కు ఎంత అని అడుగుతాను. డిసిమల్ అంటే మన సెంటే: 48.4 గజాలు, 435.6 చదరపు అడుగులు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవారికి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

దస్తావేజులో ఎ 0.080 (ఎ అంటే ఎకరం) అని ఉంటే 80 డిసిమల్లు కావు, 8. ఇది అందరికీ తెలిసిందే అనుకుంటాను.

పాత చేతిరాత కాగితాల్లో మరో చిక్కుంది. ఒడియా నాలుగు మనం రోజూ రాసే 8 లాగే ఉంటుంది. 4 డిసిమల్ల స్థలాన్ని 8గా చదివి సంతోషపడేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అనుమానం వస్తే పట్టా వెనుక పేజీలో విస్తీర్ణం పక్కనే ఉన్న హెక్టార్ల గడి చూడండి. 4 డిసిమల్లయితే 0.0162 దగ్గర, 8 అయితే 0.0324 దగ్గర ఉండాలి. రెండు గడులూ పొసగకపోతే అడ్వాన్సు జేబులోంచి తీయవద్దు.

కిసమ్ (భూమి రకం) గడి సంగతి రెండో పాఠంలోనే అయిపోయింది. ఘరబారి (ఇంటి స్థలం) కాకపోతే 8-ఎ మార్పిడి, అంటే సాగుభూమిని వేరే అవసరానికి మార్చే అనుమతి, జరిగిందో లేదో అడగండి. రాయగడ, కోరాపుట్, నబరంగ్‌పూర్, మల్కన్‌గిరి పాఠకులు మాత్రం విస్తీర్ణం లెక్కపెట్టే ముందే మొదటి పేజీలో కులం గడి చూడాలి. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాదు. 1956 నిబంధన అనుమతితో కొంత సందు వదిలినా, 2002 సవరణ దాన్నీ మూసేసింది. ‘మా మనిషి పేరున రాయించుకుందాం’ అనేవారికి నా దగ్గర పాఠం లేదు.

అభ్యాసం: ఇంట్లో ఉన్న పట్టా తీయండి. అందులోని ప్రతి ప్లాటునూ డిసిమల్లు, గజాలు, హెక్టార్లలో రాసి, మొత్తం ఖాతా విస్తీర్ణంతో సరిపోయిందో చూడండి. తరువాత టేపు పట్టుకుని స్థలానికి వెళ్లి నాలుగు వైపులా, ఒక కర్ణం కొలవండి. కర్ణం ఎందుకో మొదటి పాఠంలో ఉంది. పట్టాకూ మీ కొలతకూ అర డిసిమల్ మించి తేడా వస్తే ఇంకోసారి కొలవండి. అప్పటికీ అంతే వస్తే అమీన్‌ను (భూమి కొలిచే సర్వేయరును) పిలిపించండి, పక్కస్థలం వారిని కూడా అక్కడే ఉండమనండి. జవాబులో కొలతలన్నీ పంపండి. గుంటల్లో పంపినవి నేను దిద్దను.