చెవి క్యాన్సర్ వైద్యం: నాన్నతో తిరిగి తెలుసుకున్నవి

నాన్న కుడి చెవి రెండేళ్లు కారింది. చీమే కదా అని చుక్కల మందు వేశాం, వెల్లుల్లి కాచిన నూనె పోశాం. చీములో రక్తం పడి, నొప్పితో రాత్రిళ్లు నిద్ర కరువయ్యాకే విశాఖపట్నం కంచరపాలెం నుంచి ఆసుపత్రికి బయలుదేరాం. మీరు అంత ఆగకండి. మందు వాడినా తగ్గని చీము, రక్తం, నొప్పి, మూతి ఒక పక్కకు లాగడం, చెవి డొప్ప మీద మానని పుండు, వీటిలో ఏది ఉన్నా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి, ముక్క పరీక్ష (బయాప్సీ) అవసరమా అని అడగండి.

ముక్క తీస్తే జబ్బు పాకుతుందని మా మేనత్త ఒకటే ఏడుపు. ఆ భయంతో పది రోజులు పోగొట్టుకున్నాం. బయాప్సీ లేనిదే ఏ రకమో తెలియదు, వైద్యం మొదలవదు. ఆ తర్వాత స్కాన్లు. ఎముక ఎంత తిన్నదో సీటీలో, నరాలూ మెత్తటి భాగాలూ ఎంఆర్‌ఐలో బాగా కనిపిస్తాయి.

డొప్ప మీద చిన్న పుండైతే చుట్టూ కొంత మంచి చర్మంతో సహా కోసేస్తారు. చాలామందికి దాంతోనే సరిపోతుంది. నాన్నకు వచ్చింది చెవి నాళంలో. అక్కడైతే నాళాన్ని, చుట్టూ ఉన్న ఎముకను, కర్ణభేరిని కలిపి తీస్తారు. చెవి ముందుండే లాలాజల గ్రంథి, మెడలోని గ్రంథులు కూడా తీయాల్సి రావచ్చు.

సంతకం పెట్టే ముందు రెండు సంగతులు అడగండి: ముఖాన్ని కదిలించే నరం నిలుస్తుందా, ఆ చెవికి వినికిడి ఎంత మిగులుతుంది? మేం మొదటిదే అడిగాం. ఇంటికొచ్చాక నాన్న "కుడివైపు నుంచి పిలవకమ్మా, వినపడట్లేదు" అంటే నా కాళ్లు చల్లబడ్డాయి. ముందే తెలిసుంటే ఆయన్ని సిద్ధం చేసేదాన్ని. ఇప్పుడు ఎడమవైపే కూర్చుని మాట్లాడతాను.

ముదిరితే ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఇస్తారు. సాధారణంగా ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు. మొదలుపెట్టక ముందే పళ్ల డాక్టరుకు చూపించండి, పాడైన పన్ను తర్వాత తీస్తే దవడ ఎముక మానడం కష్టం. మేం ఎన్‌ఏడీ కొత్త రోడ్డు, గాజువాక మీదుగా అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి రోజూ వెళ్లేవాళ్లం. ఒక్క రోజు కూడా మానకూడదని పట్టు పట్టాను. కాలిన చర్మానికి పసుపు, నూనె రాయనివ్వలేదు, వాళ్లిచ్చిన మందే రాశాను.

కొందరికి రేడియేషన్‌తోపాటు సిస్‌ప్లాటిన్ అనే కీమో ఇస్తారు. అది మంచి చెవి వినికిడినీ, కిడ్నీలనూ దెబ్బతీయగలదు. అందుకే ముందే వినికిడి పరీక్ష చేయించమని అడగండి.

డబ్బు టెన్షన్ ఉంటే చేరేముందే ఆధార్, రేషన్ కార్డుతో ఎన్టీఆర్ వైద్యసేవ (రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం) కౌంటరులో మాట్లాడండి. బయాప్సీ రిపోర్టు, స్కాన్ సీడీలు ఒకే ఫైలులో దాచండి. చెకప్‌కు వెళ్లిన ప్రతిసారీ డాక్టరు పాత స్కాన్ పక్కన పెట్టి కొత్తది చూస్తారు.