చరిత్రలో ఈ రోజు – నాలుగో పాఠం: తేదీకి వారమే సాక్షి

పోయిన పాఠంలో 366 పేజీల నోటుబుక్కు సిద్ధం చేసుకున్నాం. పేజీకో తేదీ, పేజీలో మూడు గళ్లు: ఘటన, పుట్టుక, మరణం. ఇక రాయడమే తరువాయి అనుకోకండి. పొద్దున ప్రార్థన వేళకి బడి నల్లబల్ల మీద ఎక్కే తేదీ ఒక్కటి తప్పినా, అది అరవై మంది పిల్లల పుస్తకాల్లోకి పోతుంది. అక్కడినుంచి దాన్ని చెరపడం మన తరం కాదు.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసింది 1847 ఫిబ్రవరి 22, సోమవారం ఉదయం. తేదీ పక్కన వారం కూడా దొరికిందంటే వదలకూడదు. తేదీ రాయడంలో చెయ్యి జారితే వారంతో పొసగదు, వెంటనే బయటపడుతుంది. సరిచూసే లెక్క ఇదీ.

ఏడాదిలో చివరి రెండంకెలు తీసుకోండి: 47. దాన్ని 4తో భాగించి, మిగిలింది వదిలెయ్యండి: 11. ఫిబ్రవరి నెల సంఖ్య 4. తేదీ 22. పద్దెనిమిది వందలకు శతాబ్ది సంఖ్య 2. అన్నీ కూడితే 86. ఏడుతో భాగిస్తే శేషం 2. శేషం 1 అయితే ఆదివారం, 2 సోమవారం, అలా వరసగా 6 శుక్రవారం, ఏమీ మిగలకపోతే శనివారం. మనకు సోమవారమే వచ్చింది. గడిలో రాసుకోవచ్చు.

నెల సంఖ్యలు జనవరి నుంచి మూడేసి నెలల చొప్పున: 144, 025, 036, 146. పన్నెండు పన్నెండ్లు 144, అయిదయిదులు 25, ఆరారులు 36, చివరిది 144కు రెండు ఎక్కువ. ఎక్కాలు వచ్చినవాళ్లకు ఇది మరిచిపోదామన్నా మరుపు రాదు. శతాబ్ది సంఖ్యలు మాత్రం బట్టీ పట్టాల్సిందే: 1700లకు 4, 1800లకు 2, 1900లకు 0, 2000లకు 6.

ఎక్కువమంది బోల్తా పడేది లీపు సంవత్సరం దగ్గర. ఆ ఏడాది జనవరి, ఫిబ్రవరి తేదీలకు మొత్తంలోంచి 1 తీసెయ్యాలి. కర్నూలులో పుట్టిన స్వాతంత్ర్య సమరయోధుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1960 ఫిబ్రవరి 29న పోయారు. 60, 15, 4, 29 కలిపితే 108, ఒకటి తీస్తే 107, శేషం 2, సోమవారం. తీయడం మరిస్తే మంగళవారం వస్తుంది.

ఆ ఫిబ్రవరి 29 పేజీ మీదే మొరార్జీ దేశాయ్ (1896), నర్తకి రుక్మిణీదేవి అరండేల్ (1904) పుట్టుకలూ ఉన్నాయి. 1900 నాలుగుతో పోతుంది గానీ 400తో పోదు, కాబట్టి అది లీపు కాదు. అంటే మొరార్జీకి మొదటిసారి పుట్టినరోజు తేదీ ఎదురైంది ఎనిమిదేళ్లకు, సరిగ్గా రుక్మిణీదేవి పుట్టిన నాడే! 1977లో ప్రధానిగా ఉన్న ఆయన ఆమెను రాష్ట్రపతిగా ఉండమని అడగడం, ఆమె వద్దనడం, చివరికి ఆ పదవి అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డికి దక్కడం తర్వాతి సంగతి. ఇలాంటి లంకెలు పేజీ అంచున రాసుకోండి. బల్ల మీదికి ఎక్కించొద్దు, అక్కడ చోటు చాలదు.

లెక్కకూ మీకు దొరికిన వారానికీ ఒక్కరోజు తేడా వస్తే, తేదీ తప్పని తొందరపడి కొట్టెయ్యకండి. మనవాళ్ల లెక్కలో పొద్దు పొడిస్తేనే రోజు మారుతుంది. తెల్లవారుజామున మూడింటికి పోయిన మనిషిని ఇంట్లోవాళ్లు ‘సోమవారం రాత్రి పోయాడు’ అంటారు, ఇంగ్లీషు తేదీకి అది మంగళవారం. అందుకని వేళ కూడా అడిగి రాసుకోవాలి. పొట్టి శ్రీరాములు కన్నుమూసింది 1952 డిసెంబరు 15 రాత్రి. మర్నాటి పత్రిక మీది తేదీ చూసి రాస్తే 16 అయిపోతుంది. సరైన పేజీలో, అంటే 15న, సర్దార్ పటేల్ మరణం (1950), చిత్రకారుడు బాపు పుట్టుక (1933) కూడా ఉంటాయి.

వారం పట్టుకోలేని తప్పులూ ఉన్నాయి. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న, ఆంధ్రప్రదేశ్ అవతరించింది 1956 నవంబరు 1న. తరచూ ఒకదానికొకటి మార్చి రాసేది ఈ రెండింటినే. లెక్క కట్టి చూడండి, రెండూ గురువారాలే. ఇక్కడ వారం చేతులెత్తేస్తుంది, ఘటన ఏదో చదివి తేల్చుకోవాల్సిందే.

ఇంకో హద్దు: కుంపినీవాళ్ల (ఈస్టిండియా కంపెనీ) కాగితాల్లో 1752 సెప్టెంబరు 2 దాకా పాత (జూలియన్) క్యాలెండరు. ఆ మర్నాటినే 14గా లెక్కపెట్టారు. అంతకుముందు తేదీలకు ఈ లెక్క పనికిరాదు.

ఇక అభ్యాసం. దత్తమండలాల (నేటి రాయలసీమ, బళ్లారి ప్రాంతం) కలెక్టరుగా అనంతపురంలో పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. అది ఏ వారం? శుక్రవారం రావాలి. బుధవారం వస్తే శతాబ్ది సంఖ్య కలపలేదన్నమాట. శనివారం వస్తే 27ను నాలుగుతో భాగించినప్పుడు 6 దగ్గర ఆగకుండా 7 చేశారు. రెండోది, కడపలో ఏ పేరుతో గ్రంథాలయం ఉందో ఆ సి.పి. బ్రౌన్ పుట్టిన 1798 నవంబరు 10. దీనికి మాత్రం జవాబు ఇప్పుడే చెప్పం. వచ్చే పాఠంలో, తిథిని ఇంగ్లీషు తేదీలోకి మార్చడం మొదలుపెట్టే ముందు చూసుకుందాం.