పాత అంబాసిడర్‌లో కనిపించని స్టీరియో: వైరు ముట్టుకునే ముందు జాగ్రత్తలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం... ఈ ఊళ్లలో మన తెలుగువాళ్ల ఇళ్లకి వెళ్తే వరండా పక్కన టార్పాలిన్ కప్పిన పాత బండి ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. అంబాసిడరో, ప్రీమియర్ పద్మినియో. పెళ్లికి, దసరా పూజకి, ఊరి నుంచి చుట్టాలు దిగితే గుడికి బయటికి వస్తుంది. పిల్లలకి ఫోనులోని పాట బండిలో వినాలని ఉంటుంది. పెద్దవాళ్లకి డాష్‌బోర్డ్ మీద ఒక్క గీత పడకూడదని ఉంటుంది. రెండూ న్యాయమైన కోరికలే. అందుకే స్టీరియోని కంటికి కనబడకుండా లోపల దాచి పెట్టించుకునేవాళ్లు ఎక్కువయ్యారు.

ఆ పని చేయించాలనుకుంటే వానలకి ముందే, వైశాఖ జ్యేష్ఠాల్లో, బండి ఒళ్లు పొడిగా ఉన్నప్పుడు చేయించండి. మన వైపు ఆషాఢం మొదలైతే బండి నేల ఆరదు. ఎండాకాలంలో బయటపడని లోపాలన్నీ ఆ తడికి పైకి వస్తాయి.

మా బండి సంగతి ముందు చెప్తాను. నాన్నగారిది 1973 నాటి మార్క్ 2 అంబాసిడర్. అప్పటికి రాయగడ జిల్లా లేదు, 1992 అక్టోబరులో విడిపోయే దాకా మాదీ కోరాపుట్ జిల్లాయే. కొన్నేళ్ల కిందట ఒక షాపులో ముందు సీటు కింద చిన్న ఆంప్లిఫయర్, దానికో బ్లూటూత్ బాక్స్ పెట్టించాం. పాట బాగా వచ్చింది. శ్రావణంలో సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కుతున్నాం, జోరు వాన, ముందు సీట్లో ముగ్గురం, వెనక అమ్మ, అక్క, పిల్లలు. మూడో మలుపు దాటాక కాలిన ప్లాస్టిక్ వాసన. చూస్తుండగానే సీటు కింద నుంచి పొగ. నాన్నగారు బండి పక్కకి లాగి, బోనెట్ ఎత్తి బ్యాటరీ టెర్మినల్ పీకేశారు. కార్పెట్ అరచెయ్యంత కాలింది. పిల్లల్ని వానలో రోడ్డు పక్కన నిలబెట్టుకున్న ఆ పది నిమిషాలు నేను మర్చిపోలేదు.

ఇంటికొచ్చాక మా వీధి చివర ముసలి మెకానిక్ బండి చూసి అడిగిన మొదటి మాట, "సీటు కింద ఏటెట్టేవు బాబూ?" ముగ్గురు కూర్చునేసరికి సీటు స్ప్రింగులు కిందకి దిగి ఆంప్లిఫయర్ పాజిటివ్ టెర్మినల్‌కి తగిలాయి. స్ప్రింగులు బాడీకి ఎర్త్, అంటే బ్యాటరీ రెండో టెర్మినల్ కలిసే రేకుకి కలిసే ఉంటాయి. బ్యాటరీ నుంచి వచ్చిన ఆ వైరుకి దారిలో ఒక్క ఫ్యూజు లేదు. ఏభై రూపాయల వస్తువు.

కాబట్టి అన్నిటికంటే ముందు ఫ్యూజు. బ్యాటరీ నుంచి కొత్తగా ఏ వైరు తీసినా టెర్మినల్ నుంచి జానెడు దూరం లోపలే ఫ్యూజు హోల్డర్ ఉండాలి. స్టీరియో వెనక ఫ్యూజు ఉంది కదా అంటారు. అది స్టీరియోని కాపాడుతుంది, వైరుని కాదు. బ్యాటరీకి, స్టీరియోకి మధ్య వైరు ఎక్కడ ఒరుసుకుపోయినా మంట అక్కడే పుడుతుంది. షార్టైన బ్యాటరీ వందల ఆంపియర్లు వదలగలదు, ఆ వేడికి వైరు మీది ప్లాస్టిక్ క్షణాల్లో కరుగుతుంది. మామూలు స్టీరియోకి 10 లేక 15 ఆంపియర్ల ఫ్యూజు, దానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు సరిపోతుంది. ఫ్యూజు పోతే పెద్దది వేయకండి, ఎందుకు పోయిందో వెతకండి.

బండిలో ముందే ఉన్న వైరింగుకి కొత్త కరెంటు పని అప్పజెప్పొద్దు. ఏభై ఏళ్ల వైర్ల మీద తొడుగు ఎండి, వంచితే పొడిపొడిగా రాలుతుంది. పాత బండ్లలో ఫ్యూజులు రెండో మూడో ఉంటాయి, వాటి మీదే హారన్, వైపర్, అన్నీ వేలాడుతుంటాయి. తాళం స్విచ్‌లో కాంటాక్టులు కూడా అరిగి ఉంటాయి. స్విచ్ నుంచి సన్నటి వైరు ఒకటి తీసి రిలేకి (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) ఇవ్వండి, అసలు కరెంటుని బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా, రిలే గుండా స్టీరియోకి ఇవ్వండి. ఫైర్‌వాల్, అంటే ఇంజన్‌కీ లోపలికీ మధ్య ఉన్న రేకు గోడ, దాటేచోట రేకు అంచు కత్తిలా ఉంటుంది. రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) లేకుండా అక్కడ వైరు పోనివ్వకండి. కొత్త రంధ్రం అక్కర్లేదు, పాత వైరు కట్టలు వెళ్లే దారిలోనే చోటు దొరుకుతుంది.

ఇప్పుడు చాలామంది చూడని విషయం, ఎర్త్ ఏ వైపు ఉందో. ఈ రోజు బండ్లన్నిటికీ నెగటివ్ బాడీకి కలుస్తుంది. బ్రిటిష్ నమూనా బండ్లలో 1960ల నడిమి దాకా పాజిటివ్ బాడీకి కలపడం మామూలే. అంబాసిడర్ పుట్టుక మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచే కదా. పైగా ఇన్నేళ్లలో ఎవరో ఒకరు తిప్పి ఉండొచ్చు కూడా. అందుకని బండి వయసు చూసి ఊహించకండి. మల్టీమీటర్ ఎర్ర ముల్లు బాడీకి, నల్ల ముల్లు లైవ్ వైరుకి పెట్టండి. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే నెగటివ్ ఎర్త్, నిశ్చింత. మైనస్ లేకుండా 12 చూపిస్తే పాజిటివ్ ఎర్త్, అక్కడే ఆగండి.

ఎందుకంటే కొత్త స్టీరియో ఇనుప డబ్బా మొత్తం నెగటివ్. యాంటెన్నా వైరు పైపొర నెగటివ్. చార్జింగ్ వైరు మొన మీది లోహం కూడా నెగటివే. పాజిటివ్ ఎర్త్ బండిలో వీటిలో ఏది బాడీకి తగిలినా నేరుగా షార్ట్. డబ్బాకి టేప్ చుట్టి నెట్టుకొద్దాం అనే మెకానిక్ దగ్గర ఈ పని చేయించకండి. తిప్పాలంటే బ్యాటరీ వైర్లు మార్చడంతో అయిపోదు. ఇగ్నిషన్ కాయిల్ మీది రెండు చిన్న వైర్లు మార్చాలి, ఆమ్మీటరు ఉంటే దానివీ మార్చాలి, బ్యాటరీని చార్జ్ చేసే డైనమోని కొత్త వైపుకి పోలరైజ్ చేయాలి, అంటే దాని లోపలి అయస్కాంతత్వాన్ని తిప్పాలి. ఈ చివరిది మర్చిపోతే కటౌట్ (డైనమోని బ్యాటరీకి కలిపే, విడదీసే స్విచ్) కాంటాక్టులు కాలిపోతాయి. పాత డైనమోలు చూసిన చేతులు బరంపురంలోనో విశాఖలోనో ఉంటే అక్కడికి తీసుకెళ్లండి.

డైనమో మాట వచ్చింది కాబట్టి లెక్క చెప్పుకుందాం. ఆ కాలపు డైనమో గట్టిగా తిరిగినప్పుడు ఇచ్చేది సుమారు 20 ఆంపియర్లు. ఐడిలింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. రాత్రి వానలో రెండు 45 వాట్ల హెడ్‌లైట్లకి ఏడున్నర, చిన్న లైట్లకి రెండు, వైపరుకి మూడు, కాయిల్‌కి మూడో నాలుగో పోతాయి. మిగిలింది సుమారు నాలుగు ఆంపియర్లు. మామూలు స్టీరియో ఇంటి మనుషులు మాట్లాడుకుంటూ వినే శబ్దంలో ఆ మిగిలిన దానిలో సరిపెట్టుకుంటుంది. డబ్బా మీద 400 వాట్లు అని రాసి ఉన్న ఆంప్లిఫయర్, సబ్‌వూఫర్ పెడితే మాత్రం సుంకి ఘాట్ దిగేలోపు లైట్లు మసకబారతాయి. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను, డైనమో ఉన్న బండికి విడి ఆంప్లిఫయర్ వద్దు.

ఎక్కడ దాచాలి? సీటు కింద వద్దని నేను చెప్పక్కర్లేదు. అక్కడ స్ప్రింగులే కాదు, నీళ్లు కూడా. ఈ బండ్లలో నేల రేకు తుప్పు చిల్లుల్లోంచి వాననీళ్లు పైకి చిమ్ముతాయి. డాష్‌బోర్డ్ లాకరు లోపల మంచి చోటు. మూత వేస్తే ఏమీ కనిపించదు. కాకపోతే చుట్టూ రేకు మూసుకుంటే బ్లూటూత్ బలహీనపడుతుంది, లోపల వేడి కూడా పేరుకుంటుంది. వెనక్కి నాలుగు వేళ్ల గాలి ఖాళీ వదలండి. పాత రేడియో పాడైతే దాని డబ్బాలోనే కొత్త బోర్డు పెట్టి, పాత మీటల్నే వాడుకునేలా చేసేవాళ్లూ ఉన్నారు. చూడ్డానికి అంత అందమైనది ఇంకోటి లేదు. కానీ మీ పాత రేడియో ఇంకా పలుకుతుంటే దాని కడుపు కోయకండి. విశాఖ ఆకాశవాణి విన్న రేడియో అది.

ఆ రేడియోతో వచ్చిన స్పీకరుని కొత్త స్టీరియోకి కలపకండి. పాత పద్ధతిలో స్పీకరు ఒక వైరు బాడీకి ఎర్త్ చేసేవారు. కొత్త స్టీరియోలో స్పీకరు మైనస్ వైరు ఎర్త్ కాదు, బాడీకి తగిలితే లోపలి చిప్ పోతుంది. ఒక్కో స్పీకరుకి రెండు వైర్లు, స్టీరియో దాకా విడిగా రావాలి. స్పీకర్ల కోసం తలుపులు కోయనివ్వొద్దు. వెనక సీటు వెనకాల ఉండే బోర్డుని విప్పి అటక మీద భద్రంగా దాచి, అదే కొలతకి కొత్త ప్లైవుడ్ చెక్క కోయించి స్పీకర్లు దానికి బిగించండి. ముందు వైపు ఒక్కటే స్పీకరు పట్టే చోటుంటే రెండు వాయిస్ కాయిల్‌ల స్పీకరు దొరుకుతుంది, కుడి ఎడమ రెండూ అందులోనే పలుకుతాయి.

రేకు కోయొద్దని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. అంబాసిడర్ తయారీ ఉత్తర్‌పారాలో 2014లో ఆగిపోయింది. పద్మిని అంతకుముందే ఆగింది. కోసిన డాష్‌బోర్డ్‌కి బదులు దొరకదు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ షెల్, ఇంజన్ మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండినే వింటేజ్‌గా నమోదు చేస్తారు. మా బండికి ఆ వయసు వచ్చింది.

జపాన్ నుంచి దిగిన సెకండ్‌హ్యాండ్ స్టీరియో చౌకగా వస్తుంది, తీసుకునే ముందు ఎఫ్ఎం బ్యాండ్ చూడండి. అక్కడి బ్యాండ్ 76 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలై 90 దగ్గరో 95 దగ్గరో ఆగిపోతుంది. మన స్టేషన్లు 108 దాకా ఉంటాయి.

ఇంజన్ వేగంతో పాటు పాటలో కూత పెరుగుతుంటే అది డైనమో గోల. టకటకమంటే ఇగ్నిషన్ గోల. కండెన్సర్ పెడితే తగ్గుతుంది, కానీ చోటు ముఖ్యం. డైనమో మీద పెద్ద టెర్మినల్‌కి పెట్టాలి, ఎఫ్ అని ఉన్న చిన్న టెర్మినల్‌కి ఎన్నడూ కాదు. కాయిల్ మీద కరెంటు వచ్చే వైపు పెట్టాలి, డిస్ట్రిబ్యూటరుకి వెళ్లే వైపు కాదు.

ఘాట్‌లో బండి ఆగితే లారీ డ్రైవర్లు దేవుళ్లలా ఆగి సాయం చేస్తారు. వాళ్ల బ్యాటరీ నుంచి జంప్ ఇస్తామంటే మాత్రం ముందు అడగండి. చాలా లారీలు 24 వోల్టులవి. స్టీరియో ఫ్యూజు పీకి, రెండు బ్యాటరీల్లో ఒక్కదాని మీదే కేబుల్ పెట్టమనండి. లేదంటే తోయించుకుని స్టార్ట్ చేయడం మేలు.

బండి నెలల తరబడి కదలకుండా ఉంటుంది కాబట్టి స్టీరియో మెమరీ వైరు, మామూలుగా పసుపు రంగుది, నేరుగా బ్యాటరీకి ఇవ్వకుండా ఎర్ర వైరుతో కలిపి రిలేకి ఇచ్చేయండి. గడియారం, స్టేషన్లు మర్చిపోతుంది, నష్టం లేదు. పండగ రోజున సెల్ఫ్ తిరుగుతుంది.

అంతా బిగించాక మొదటిసారి కరెంటు నేరుగా ఇవ్వకండి. ఫ్యూజు స్థానంలో 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టి ఇవ్వండి. బల్బు నిండుగా వెలిగిందంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే. వెలగకపోతే, లేదా మినుకుమని ఆరిపోతే ఫ్యూజు వేయండి. తర్వాత ఒక రాత్రి లైట్లు, వైపరు, పాట, మూడూ వేసి, సీట్ల నిండా మనుషుల్ని కూర్చోబెట్టి ఊరి బయట గతుకుల రోడ్డు మీద అరగంట తిప్పండి. ఆపగానే ఫ్యూజు హోల్డరు, రిలే, ఎర్త్ లగ్ చేత్తో తాకి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే అక్కడ జాయింటు వదులుగా ఉంది, విప్పి మళ్లీ నొక్కించండి.

ఏ వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో ఒక కాగితం మీద గీయించి, రెండు ఫ్యూజులతో కలిపి లాకరులో పెట్టండి. మా బండిలో ఆ కాగితం తెలుగులో ఒకవైపు, ఒడియాలో ఒకవైపు రాసి ఉంది. ఘాట్‌లో ఏ మెకానిక్ దొరుకుతాడో మనకి తెలియదు కదా.