పాస్టెల్ పాఠాలు - 7: మెరుగులు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

పోయిన పాఠం చివరికి మీ కాలువ గట్టు బొమ్మ ముప్పాతిక వంతు తయారై ఉండాలి. ఎడమ పక్క కొబ్బరి చెట్ల గుంపు, మధ్యలో పంటకాలువ, రేవులో కట్టేసిన పడవ, అవతల వరిచేలు, వాటి వెనక పొద్దుటి మంచులో లీలగా చెట్ల వరస. రంగులన్నీ పడ్డాయి గానీ బొమ్మ ఇంకా తేలలేదు. సరిగ్గా ఇక్కడే చాలామంది సన్నటి పాస్టెల్ పెన్సిళ్లు తీసి ఆకు ఆకూ గీయడం మొదలుపెడతారు. కాసేపటికి బొమ్మ బిగుసుకుపోతుంది, రంగు మురికిగా మారుతుంది.

దీనికి కారణం కాగితంలోనే ఉంది. పాస్టెల్ నూనె రంగులా ఎండి గట్టిపడేది కాదు, కాగితపు గరుకులో ఇరుక్కుని నిలిచే పొడి. ఆ గరుకు ఒక హద్దు వరకే పొడిని పట్టుకుంటుంది. 160 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 160 గ్రాముల బరువుండే) మామూలు పాస్టెల్ కాగితం కొద్ది పొరలకే నిండుతుంది, గరుకు పూత వేసిన సాండెడ్ కాగితం ఇంకా చాలా మోస్తుంది. ఏ కాగితమైనా సరే, ఈ దశలో ప్రతి గీతా మిగిలిన గరుకులో కొంత తినేస్తుంది. అందుకే ఏం గీయాలో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే పాస్టెల్ కడ్డీ, అంటే స్టిక్, పట్టుకోవాలి.

బోర్డును నిలువుగా నిలబెట్టి ఆరేడు అడుగులు వెనక్కి జరగండి. ఫోన్‌తో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. మన డెల్టా నేల బల్లపరుపు, కాబట్టి వెలుగు లెక్క తేలిక. ఆకాశం అన్నిటికన్నా తేట. వెల్లకిలా పడుకున్నట్టుండే చేలు దాని వెలుగును బాగా అందుకుంటాయి. గట్టు ఏటవాలుకు అంతకన్నా తక్కువ వెలుగు పడుతుంది. నిలువుగా నిలబడ్డ దగ్గరి చెట్లకు అన్నిటికన్నా తక్కువ. ఫొటోలో చేలూ చెట్లూ ఒకే బూడిద రంగులో కలిసిపోతే, ఎన్ని ఆకులు గీసినా బొమ్మ నిలబడదు. ముందు ఆ తేడా సరిచేయాలి. ఆ తర్వాత బోర్డును తలకిందులు చేసి ఇంకోసారి చూడండి. బరువు ఒక పక్కకు ఒరిగితే వెంటనే తెలిసిపోతుంది. కనబడిన లోపాలను ఒక చీటీ మీద రాసుకోండి, పెద్దవి ముందు. నాలుగైదు చాలు.

ఇక అంచులు. మెరుగుల్లో సగం పని ఇదే. కొబ్బరి తలను ముందు ఒకే ముద్దగా ఉంచి, ఆకాశానికి ఎదురుగా ఉన్న రెండు మూడు మట్టల చివర్లను మాత్రం గట్టి పాస్టెల్ మూలతో పదునుగా లాగండి. మిగతా మట్టలు పక్కవాటిలో కలిసిపోనివ్వండి. మట్టల సందుల్లోంచి కనిపించే ఆకాశపు ముక్కలను అసలు ఆకాశం రంగుతోనే పెడితే అవి కాగితానికి చిల్లులు పడ్డట్టు మెరుస్తాయి. ఒక మెట్టు ముదురు రంగు వాడండి. చిన్న సందులోంచి వచ్చే వెలుగు కంటికి తగ్గినట్టే కనబడుతుంది. దూరపు చెట్ల అంచు మెత్తబడాలంటే వేలితో రుద్దకండి. వేలి చెమట, నూనె తగిలిన చోట కాగితం మళ్లీ రంగు పట్టదు, మన ఉక్కపోతలో ఇది మరీ ఎక్కువ. పక్కనున్న ఆకాశపు రంగు స్టిక్‌ను అడ్డంగా పెట్టి, బరువు వేయకుండా ఆ అంచు మీదుగా ఒక్కసారి తోస్తే చాలు. రాజమహేంద్రవరం వెళ్లినప్పుడు చిత్రకారుడు దామెర్ల రామారావు (1897-1925) ఆర్ట్ గ్యాలరీలో కాసేపు అంచులనే గమనించండి. పాస్టెల్ కోసమని కాదు, గీత ఎక్కడ నిలిచిందో, ఎక్కడ కరిగిందో చూడ్డానికి.

నీళ్లలో చెట్ల ప్రతిబింబం అసలు చెట్టు కన్నా కాస్త తేటగా, ఆకాశపు ప్రతిబింబం అసలు ఆకాశం కన్నా కాస్త ముదురుగా ఉండాలి. గీతలు ముందు నిలువుగా వేసి, పైన రెండు మూడు సన్నటి అడ్డగీతలు చాలు. కాలువలో ఎర్రనీరు పారే రోజుల దృశ్యమైతే నల్లటి ప్రతిబింబంలోకి నీటి రంగు వస్తుంది. అక్కడ మట్టి ఎరుపు, పసుపు గోధుమ పలచగా తగిలించండి. వరిచేలదీ ఇలాంటి సమస్యే. ఒకే ఆకుపచ్చ స్టిక్‌తో నింపిన చేను ప్లాస్టిక్ చాపలా ఉంటుంది. దాని మీద పాలిపోయిన గులాబీ, ఇటుక రంగు అక్కడక్కడా తేలిగ్గా లాగండి, కలపకండి. దూరం పోయేకొద్దీ పచ్చదనం తగ్గి నీలిబూడిద రావాలి.

స్టిక్ జారుతూ, రంగు పట్టక పొడి రాలిపోతోందంటే గరుకు నిండినట్టే. బలంగా నొక్కితే ఇంకా చెడుతుంది. బోర్డును ముందుకు వంచి, పొడిగా ఉన్న గట్టి వెంట్రుకల బ్రష్‌తో ఆ భాగాన్ని కిందికి దులపండి. రాలే పొడి కోసం కింద తడి కాగితం పరవండి. నోటితో ఊదవద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాస్క్ పెట్టుకోండి. మిగిలిన పొడిని పిండిముద్దలా నలిపి వాడే మెత్తటి నీడబుల్ ఇరేజర్‌తో అద్ది తీయాలి, రుద్ది కాదు. ఫిక్సేటివ్ (పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) చల్లాలనుకుంటే ఆరుబయట, సుమారు 30 సెంటీమీటర్ల దూరం నుంచి, పలచగా. అది తేట రంగులను ముదురు చేస్తుంది కాబట్టి చివరి మెరుపులకు ముందే చల్లాలి, తర్వాత కాదు. ముసురు రోజుల్లో ఆలస్యంగా ఆరుతుంది, ముందు చిత్తుకాగితం మీద చూసుకోండి.

మెరుపులు అన్నిటికన్నా చివర. పడవ అంచు మీద ఎండ, నీటి మీద ఒకటి రెండు తళుకులు, అంతే. మీ దగ్గరున్న వాటిలో అతి మెత్తటి స్టిక్ తీసుకుని ఒక్కసారి నొక్కి ఎత్తేయండి. పొద్దుటి ఎండకు తెలుపు కన్నా వెన్న రంగు నప్పుతుంది.

బొమ్మ అయిపోయిందని ఎలా తెలుస్తుంది? చీటీలోని లోపాలు తీరాయా అన్నది మొదటి ప్రశ్న. చూడగానే కన్ను పడవ మీదికి వెళ్తోందా అన్నది రెండోది. ఇంకెక్కడికో వెళ్తుంటే ఆ చోటును బొటనవేలితో మూసి చూడండి. మూసినప్పుడే బాగుంటే అక్కడి వివరాన్ని తగ్గించాలి. ఆ తర్వాత బొమ్మను గోడవైపు తిప్పి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు మార్చాల్సింది ఒక్క వాక్యంలో చెప్పగలిగితేనే స్టిక్ పట్టండి. “గట్టు కింద నీడ తేలిపోయింది” అన్నది పని. “ఇంకొంచెం బాగుచేద్దాం” అన్నది పని కాదు, అలా అనిపించిన రోజు రంగుల పెట్టె మూసేయడమే మేలు. ఇంకా రెండు పొరలు పట్టే గరుకు మిగిలి ఉండగానే ఆపిన బొమ్మకు తాజాదనం ఉంటుంది.

ఆపాక బోర్డు వెనక రెండు మూడుసార్లు మెల్లగా తట్టి వదులు పొడి రాల్చండి. పైన గ్లాసిన్ కాగితం (పొడి అంటుకోని నున్నటి పలచటి కాగితం) పరిచి, కదలకుండా టేపు వేసి, చెమ్మ గోడకు దూరంగా బల్లపరుపుగా ఉంచండి. తేమకు బూజు త్వరగా పడుతుంది. అద్దానికి బొమ్మ తగలకుండా ఫ్రేము కట్టడం వచ్చే పాఠంలో.

ఈలోగా అభ్యాసం: ఇదే దృశ్యాన్ని 15 × 20 సెంటీమీటర్ల కాగితాలు రెండింటి మీద వేయండి. ఒకటి 40 నిమిషాల్లో ఆపేయాలి, రెండోది మీకు తృప్తి కలిగేదాకా సాగించాలి. రెండింటి నలుపు తెలుపు ఫొటోలు పక్కపక్కన పెట్టి, రెండోదానిలో ఏయే గీత అవసరం లేకుండా పడిందో పెన్సిల్‌తో కాగితం వెనక రాసి ఉంచుకోండి.