వర్క్ ఫ్రమ్ హోమ్ కాగితం మీద సంతకం పెట్టే ముందు

హనుమకొండలోనో జగిత్యాలలోనో ఇంట్లో కూర్చుని హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకు పని చేయడం మంచిదే. కాకపోతే ఆఫర్‌లో "ఇండిపెండెంట్ కాంట్రాక్టర్" (అంటే కంపెనీ ఉద్యోగి కాకుండా, ఒప్పందం మీద పని చేసి బిల్లు పెట్టుకునేవాళ్లు) అని ఉందేమో ముందు చూడండి.

• అలా ఉంటే పీఎఫ్, ఈఎస్ఐ, గ్రాట్యుటీ, జీతంతో సెలవు మామూలుగా ఉండవు. కరెంటు బిల్లు, ల్యాప్‌టాప్ రిపేరు మీ మీదే. అందుకే 25,000 జీతం, 25,000 కాంట్రాక్టు ఒకటి కావు. మొహమాటపడకుండా ఎక్కువ అడగండి.

• పేరొక్కటే చూసి ఆగొద్దు. ఉదయం తొమ్మిదికి లాగిన్ కావాలి, సెలవుకు మేనేజర్ ఒప్పుకోవాలి, వేరే పని చేయొద్దు అంటుంటే అది ఉద్యోగానికి దగ్గరిదే. పని ఎలా చేయాలన్న అదుపు ఎవరి చేతిలో ఉందన్నది ముఖ్యమని సుప్రీంకోర్టు 1956లోనే ధ్రాంగధ్రా కెమికల్ వర్క్స్ కేసులో చెప్పింది. అలాంటి అదుపు చూపే మెసేజ్‌లు, మెయిళ్లు దాచిపెట్టుకోండి.

• ప్రొఫెషనల్ ఫీజు కింద చూపితే, ఏడాది పరిమితి దాటాక సాధారణంగా 10 శాతం టీడీఎస్ (డబ్బులిచ్చేటప్పుడే కోసుకునే ఇన్‌కమ్ ట్యాక్స్) పట్టుకుంటారు. 30,000 బిల్లుకు 27,000 చేతికొస్తుంది. మిగతాది మీ పాన్‌లో జమైందో లేదో ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో చూడండి. రిటర్న్ వేస్తే, కట్టాల్సిన పన్ను పోగా మిగిలింది వెనక్కి వస్తుంది.

• బిల్లు పెట్టిన ఎన్ని రోజులకు డబ్బులిస్తారు, మధ్యలో ఆపేస్తే నోటీసు ఎంత? రాతలో ఉండాలి.

• డేటా ఎంట్రీ పనికి డిపాజిట్ అడిగితే అక్కడే ఆగిపోండి. ఇప్పటికే కట్టి మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.